గోదావరి డెల్టాలో వైన్ ద్రాక్ష వేయొచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "మాది పాలకొల్లు దగ్గర. కాలువ పక్కన ఎకరంన్నర మెరక ఉంది. కొబ్బరి గిట్టుబాటు కావడం లేదు, తీసేద్దామనుకుంటున్నాం. నాసిక్‌లో అంత ఎండల్లోనూ వైన్ చేస్తున్నారు కదా, మన దగ్గర ఎందుకు కుదరదు? వేడి ప్రాంతాల్లో ఏ ద్రాక్ష రకాలు వేస్తారు, వాటితో ఎలాంటి వైన్ వస్తుంది?"

ముందు ఒక మాటండి. కొబ్బరి చెట్ల మీద గొడ్డలి వెయ్యకండి. కారణాలు తర్వాత చెబుతాను.

నాది అంబాజీపేట వైపు. నాసిక్ జిల్లా దిండోరి తాలూకాలో ఒక వైనరీ వాళ్ల తోటల్లో కొన్నేళ్లు సూపర్‌వైజర్‌గా పనిచేసి, నాన్నగారికి ఒంట్లో బాగోకపోవడంతో ఇంటికొచ్చేశాను. ఇప్పుడు కొబ్బరి, కోకో చూసుకుంటున్నాను. పెరట్లో ఒక ద్రాక్ష పందిరి కూడా ఉంది. అక్కడి తీగా, ఇక్కడి తీగా రెండూ చేత్తో కత్తిరించినవాణ్ణి కాబట్టి ఈ తేడా మీద నాకు కొంచెం గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

ఎండ గురించి బెంగ పెట్టుకోకండి. ద్రాక్షకు ఎండ శత్రువు కాదు. బ్రెజిల్లో సావో ఫ్రాన్సిస్కో నది లోయ భూమధ్యరేఖకు మనకన్నా దగ్గర, దక్షిణాన 8, 9 డిగ్రీల అక్షాంశంలో ఉంది. అక్కడ చలికాలమనేదే లేదు. అయినా ఏడాదికి రెండు పంటలు తీసి, వైన్ చేసి అమ్ముతున్నారు. ఎలాగంటే అక్కడ పడే వాన ఏడాది మొత్తానికి 500 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. తీగకు ఎప్పుడు నీళ్లు పెట్టాలో, ఎప్పుడు కట్టేయాలో రైతు చేతిలో ఉంటుంది. డ్రిప్ కట్టేస్తే తీగ నిద్రపోతుంది, కత్తిరించి నీళ్లు వదిలితే లేస్తుంది. మన దగ్గర ఆ తాళం రైతు చేతిలో లేదు, ఆకాశం చేతిలో ఉంది. డెల్టాలో ఏడాదికి 1100 మిల్లీమీటర్ల పైనే వాన. పైగా అదంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపల పడిపోయి ఊరుకోదు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు, తుపానులు వరస కడతాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుపాను గురించి మన వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు.

అక్టోబరుతో గొడవేమిటంటారా? నాసిక్ కేలండరు చూడండి. అక్కడ తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ఒకటి, దాన్ని మరాఠీవాళ్లు ఖరడ్ ఛాటణీ అంటారు. అది పంట కోసం కాదు, కొత్త రెమ్మలు తయారుచేసుకోడానికి. ఆ రెమ్మల మీది కన్నుల్లో ఏది గుత్తి వేయాలి, ఏది ఉత్త ఆకు వేయాలి అన్నది ఆ తర్వాతి రెండు నెలల్లోపే లోలోపల తేలిపోతుంది. అప్పుడు బాగా వెలుతురు కావాలి. వేసవి ఎండ అందుకు పనికొస్తుంది. ఆ తర్వాత వానాకాలం గడిచాక సెప్టెంబరు, అక్టోబరుల్లో పంట కోసం రెండో కత్తిరింపు. మన దేశంలో ఈ భాగాల్లో తీగకు ఆకు రాల్చి పడుకునేంత చలి రాదు కాబట్టి, కత్తిరించాక కన్నులకు హైడ్రోజన్ సైనమైడ్ మందు పూసి లేపుతారు. దిండోరిలో ఆ సమయానికి వానలు వెనక్కి తగ్గుతుంటాయి. లేత చిగుళ్లు పొడి గాలిలో పెరిగి, డిసెంబరు, జనవరి చలిలో కాయ ముదిరి, జనవరి నుంచి మార్చి లోపల కోతకొస్తుంది.

ఇదే కేలండరు పాలకొల్లులో పెడితే అక్టోబరులో వచ్చిన లేత చిగురు సరిగ్గా వాయుగుండం నోట్లో పడుతుంది. మా పందిరి మీద చూశాను. మూడు రోజులు ముసురు పట్టిందంటే ఆకు పైన నూనె చుక్కల్లాంటి పసుపు మచ్చలు, కింద తెల్లటి బూజు. అదే బూజు తెగులు. దాని వెనకాలే పక్షికన్ను తెగులు రెమ్మల మీద నల్ల మచ్చలు పెడుతుంది. ఇంట్లో ఒక పందిరి అయితే ఆకు గిల్లి పారేయొచ్చు. ఎకరంన్నర తోటలో మందు కొట్టినా మర్నాడే వాన కడిగేస్తుంది, ట్రాక్టరేమో బురదలో దిగబడుతుంది.

ఇక్కడో చిన్న ముచ్చట. కొబ్బరి మొవ్వు కుళ్ళుకి మనం మైలుతుత్తం, సున్నం కలిపి పూసే బోర్డో పేస్టు ఉంది చూశారూ, ఆ మందు పుట్టింది ద్రాక్ష కోసమే. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతంలో, 1880లలో, అమెరికా నుంచి వచ్చిపడ్డ ఈ బూజు తెగులుకు మందు వెతుకుతూ మిలార్డే అనే ప్రొఫెసరు దాన్ని తేల్చాడు. దారిన పోయేవాళ్లు పళ్లు తెంపకుండా రోడ్డు పక్క తీగల మీద ఆ నీలం మిశ్రమం చల్లేవారట, ఆ తీగలకే బూజు రాలేదని ఆయన గమనించాడు. ఈ లెక్కన మన కొబ్బరి తోటకీ, వైన్‌కీ ఎప్పటినుంచో చుట్టరికం ఉంది.

మరి తుపానులన్నీ పోయాక, డిసెంబరులో కత్తిరిస్తే? నన్ను చాలామంది అడిగారు. మంచి ఆలోచనే. నేను ఇంట్లో చేసేది కూడా అదే. కత్తిరించిన దగ్గర్నుంచి కోతకు నాలుగు నెలలు, కొన్ని రకాలకు ఇంకొంచెం ఎక్కువ. అంటే ఏప్రిల్ మొదట్లో కోత. వాన బెడద చాలావరకు తప్పుతుంది. జనవరి మంచుకు ఆకు మీద తడి ఉంటుంది కాబట్టి బూజు తెగులు మీద ఓ కన్నేసి ఉంచాలి, అంతే. అయితే అప్పుడు కాయ పక్వానికొచ్చేది మార్చి ఎండల్లో. తినే ద్రాక్షకు పర్వాలేదు. వైన్‌కు మాత్రం అసలు కథ ఇక్కడే తిరగబడుతుంది.

వైన్‌కు కాయలో తీపి ఒక్కటే చాలదండి, పులుపు కూడా ఉండాలి. ద్రాక్షలో ముఖ్యంగా రెండు ఆమ్లాలు ఉంటాయి, టార్టారిక్, మాలిక్. టార్టారిక్ మొండిది, వేడికి అంత త్వరగా కరిగిపోదు. మాలిక్ అలా కాదు. కాయ ఊపిరి తీసుకునేటప్పుడు దాన్ని ఖర్చు పెట్టుకుంటుంది. వేడి ఎక్కువైతే ఆ ఖర్చూ ఎక్కువే. రాత్రి చల్లబడితే ఖర్చు తగ్గుతుంది. నాసిక్ వైపు తోటలు సముద్ర మట్టానికి 600 మీటర్ల ఎత్తున ఉంటాయి. డిసెంబరు, జనవరిల్లో పగలు 28, 29 డిగ్రీలున్నా రాత్రి 10 దగ్గరికి దిగిపోతుంది. మనకు అదే నెలల్లో పగలు 29, 30 ఉంటే, రాత్రి 18, 20 దగ్గర ఆగుతుంది. ఇక మార్చి చివరికి వచ్చేసరికి రాత్రి కూడా 24, 25 ఉంటుంది, చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. కాయకు రాత్రి కూడా పగలే. తీపి ఎక్కుతుంటే పులుపు ఎగిరిపోతుంది. నల్ల రకాలకు ఇంకో దెబ్బ. తొక్కలో రంగు తయారవడానికి కూడా చల్లటి రాత్రులే కావాలి. ఒకే గుత్తిలో నాలుగు కాయలు నల్లగా, నాలుగు ఎర్రగా, రెండు పచ్చగా ఉండటం మా పందిరి మీద మామూలే.

దిండోరిలో కోత రోజులు గుర్తొస్తే ఈ విషయం బాగా తెలుస్తుంది. మనుషులు తెల్లవారుజామున మూడింటికే తలకు లైట్లు కట్టుకుని దిగేవారు. ఎండెక్కే లోపల కాయ వైనరీకి చేరాలి. వేడెక్కిన కాయ రసం బండిలోనే పులియడం మొదలుపెడుతుంది. మా వైన్ మేకర్ రిఫ్రాక్టోమీటర్‌తో బ్రిక్స్, అంటే రసంలో తీపి శాతం, చూసి ఊరుకునేది కాదు, గింజ నమిలి చూసేది. గింజ పచ్చగా, వగరుగా ఉంటే తీపి 23 చూపించినా కోతకు ఒప్పుకునేది కాదు. వేడి ప్రాంతాల చిక్కంతా ఇదే. చక్కెర తొందరపడుతుంది, తొక్కా గింజా వెనకబడతాయి. గింజ కోసం ఆగితే పులుపు పోయి ఆల్కహాలు పెరిగిపోతుంది, తీపి చూసి కోస్తే పచ్చి వగరు మిగులుతుంది.

అందుకే వేడి ప్రాంతాలవాళ్లు తమకు ఏది నప్పుతుందో ఏరుకున్నారు. మీ ప్రశ్నలో రెండో సగానికి జవాబు ఇదీ. నాసిక్‌లో తెల్ల రకాల్లో షెనిన్ బ్లాంక్ బాగా నిలబడింది, దానికి పుట్టుకతోనే పులుపు ఎక్కువ. అదే కాయను తొందరగా కోస్తే బుడగల వైన్‌కు పునాది, సమయానికి కోస్తే తేలికపాటి తెల్ల వైన్, బాగా ఆగి కోస్తే తియ్యటి డెజర్ట్ వైన్. సావిన్యాన్ బ్లాంక్ కూడా ఉంది గానీ దాని వాసన నిలబడాలంటే చల్లటి రాత్రి మరీ అవసరం. నల్లవాటిలో షిరాజ్ వేడిని తట్టుకుంటుంది, మిరియాల ఘాటుతో దిట్టమైన వైన్ ఇస్తుంది. స్పెయిన్, దక్షిణ ఫ్రాన్సుల్లో గ్రెనాష్ అలాంటిదే. క్యాబర్నే నాసిక్‌లోనూ, బెంగుళూరు దగ్గర నంది కొండల వైపూ పండిస్తున్నారు. పినో నువార్ లాంటి సుకుమారానికి మాత్రం మన దేశపు వేడి పడదు. మొత్తమ్మీద వేడి చోట్ల బుడగల వైన్, రోజే అనే గులాబీ రంగు వైన్, తొందరగా తాగేసే తెల్ల వైన్లు నాకు ఎక్కువ నచ్చాయి. ధర ఎక్కువ పెట్టి అమ్మే ముదురు ఎర్ర వైన్ల కన్నా వాటిలోనే నిజాయితీ ఉందనిపిస్తుంది. ఇది నా నోటి మాట, కాదనేవాళ్లు చాలామంది ఉంటారు.

వేడినే పనిముట్టు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. పోర్చుగల్‌లో పోర్ట్, స్పెయిన్‌లో జెరెజ్ ఊరి షెర్రీ, ఇవన్నీ ద్రాక్ష నుంచి తీసిన స్పిరిట్ కలిపి బలం పెంచినవి. మదీరా దీవిలోనైతే వైన్‌ను 45, 50 డిగ్రీల దగ్గర నెలల తరబడి కావాలనే కాగబెడతారు. మా తాటాకు వసారాలో పెట్టినా రోహిణీ కార్తెలో ఆ పని జరిగిపోతుందని నాసిక్‌లో నవ్వుకునేవాళ్లం.

డెల్టాలో ద్రాక్ష అసాధ్యమని నేను అనడం లేదు. థాయ్‌లాండ్‌లో బ్యాంకాక్‌కు దగ్గర్లో, చావో ఫ్రాయా నది డెల్టాలో నీళ్ల మధ్య తోటలున్నాయి. ఎత్తుగా మట్టి పోసి గట్లు కట్టి, వాటి మీద తీగలు, మధ్యలో కాలువలు. పడవ మీద తిరుగుతూ కాయ కోస్తారు. ఫొటోలు చూస్తే మన లంకల్లోదే అనిపిస్తుంది. అక్కడ వేసే మలాగా బ్లాంక్, పోక్ డమ్ రకాలు వేడికీ తేమకీ అలవాటు పడినవి. కానీ గమనించండి, ఆ దేశంలోనే మంచి వైన్ చేయాలనుకున్నవాళ్లు తర్వాత్తర్వాత ఖావో యాయ్ కొండలకీ, హువా హిన్ వైపుకీ వెళ్లి తోటలు వేశారు. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే హైదరాబాదు. అనాబ్-ఎ-షాహీ పందిళ్లతో ఒకప్పుడు ఆ ఊరి చుట్టూ తోటలే. అది 500 మీటర్ల పైచిలుకు ఎత్తు, వాన మనకన్నా తక్కువ. అంత పేరున్నా అనాబ్-ఎ-షాహీ తినడానికే. నీళ్లెక్కువ, తీపి తక్కువ, వైన్‌కు పెద్దగా పనికిరాదు.

నేల సంగతి కూడా ఒకసారి. మీది మెరకంటున్నారు, మంచిదే. కానీ కాలువ పక్కన అంటే ఊట ఉంటుంది. ద్రాక్ష వేరుకు ఊపిరాడాలి, నీళ్లు నిలిస్తే కుళ్ళుతుంది. మరోపక్క ఏప్రిల్ కత్తిరింపు తర్వాత రెమ్మలు పెరగాల్సిన సమయానికి మన కాలువలు కట్టేస్తారు. బోరు మీద ఆధారపడాలి. నరసాపురం, అంతర్వేది వైపు వెళ్లేకొద్దీ బోరు నీళ్లలో ఉప్పు తగులుతుంది, ద్రాక్షకు ఉప్పంటే అసలు గిట్టదు. నాసిక్‌లో డాగ్‌రిడ్జ్ లాంటి వేరు మొక్కల మీద అంటు కట్టి ఆ బాధ కొంత తగ్గించుకుంటారు. మీరు ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించండి. ఇక కొబ్బరి మధ్యలో అంతర పంటగా వేద్దామంటారేమో, కుదరదు. నీడలో తీగ పెరుగుతుంది, గుత్తి వేయదు.

ఒకవేళ అన్నీ కలిసొచ్చి కాయ చేతికొచ్చినా మిగిలింది సెల్లార్, అంటే వైన్ తయారుచేసే గది ఖర్చు. తెల్ల వైన్‌ను 12 నుంచి 16 డిగ్రీల దగ్గర నిదానంగా పులియబెడతారు. అంటే స్టీలు ట్యాంకులు, వాటి చుట్టూ చల్లబరిచే గొట్టాలు, కరెంటు పోతే జనరేటరు. మన గది వేడికి వదిలేస్తే పొద్దున దింపిన కల్లు మధ్యాహ్నానికి పులిసిపోయినట్టే అవుతుంది, వాసనంతా గాలిలో కలిసి, ఆ పైన సిర్కా (వెనిగర్) వాసన మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం కూడా నేరమే. క్రిస్మస్‌కు ఇంట్లో వైన్ పెడతామండీ అని చాలామంది తేలిగ్గా అంటారు గానీ, మీరు అమ్మాలనుకుంటున్నారు కాబట్టి ఆ ఆఫీసు గడప ముందే తొక్కి రండి.

ద్రాక్ష మీద అంత మనసుంటే పెరట్లో ఒక పందిరి వేయండి. కడియం నర్సరీల్లో మొక్కలు దొరుకుతాయి. అక్కడ రకం పేరు అడిగితే "బ్లాక్" అనో "గ్రీన్" అనో చెప్పి ఊరుకునేవాళ్లుంటారు, పట్టుబట్టి బెంగుళూరు బ్లూ అడగండి. దానిలో అమెరికా జాతి రక్తం ఉంది, మన తేమకు మిగతావాటికన్నా ఓర్చుకుంటుంది. కాయ చిన్నది, తొక్క జారిపోతుంది, ఓ రకమైన ఘాటు వాసన. జ్యూస్‌కు భేషుగ్గా ఉంటుంది. మా దగ్గర బ్రిక్స్ 15, 16 దాటడం కష్టం. ఆ లెక్కన చక్కెర కలపకుండా పులియబెడితే ఆల్కహాలు 9 శాతం కూడా రాదు, మన వేడికి ఆ వైన్ నిల్వ ఉండదు. తమిళనాడు కంబం లోయ నుంచి వచ్చే పన్నీరు ద్రాక్ష తీగ దొరికితే అదీ వేసి చూడొచ్చు, వాసన బావుంటుంది గానీ తెగుళ్లకు సున్నితం. పూసా నవరంగ్, అర్కా శ్యామ్ లాంటి పరిశోధన సంస్థల రకాలకు పక్షికన్ను తెగులును కొంత తట్టుకునే గుణం ఉంది. మొక్క నమ్మకమైన చోట దొరికితే వాటికే నా ఓటు. కత్తిరింపు తుపానులు దాటాక, డిసెంబరులో పెట్టుకోండి. కాయ రంగు తిరిగే వేళకి వల కప్పండి, లేకపోతే రామచిలకలకూ ఉడతలకూ పండగే.

ఇక ఆ ఎకరంన్నర గురించి. పులియబెట్టి విలువ పెంచే పని చేయాలన్నదే మీ కోరికైతే, ఉన్న కొబ్బరి కిందే కోకో వేయండి. దానికి నీడ కావాలి, తేమ కావాలి, మన వెచ్చటి రాత్రులు దానికి నచ్చుతాయి. కాయ కొట్టి తీసిన గింజలను చెక్క పెట్టెల్లో పోసి, అరిటాకులు కప్పి, రెండు రోజులకోసారి తిరగేస్తూ ఆరు రోజుల దాకా పులియబెట్టాలి. లోపల వేడి 45 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడి వల్లే చాక్లెట్ రుచి మొదలవుతుంది. తర్వాత తేమ 7 శాతానికి వచ్చేదాకా ఎండబెట్టాలి. ధర విషయంలో ముందే హెచ్చరిస్తున్నాను. 2024లో కిలో వెయ్యి రూపాయల దాకా ఎగబాకి, తర్వాత బాగా పడిపోయింది, ఆ వెయ్యి చూసుకుని అప్పు చేయకండి. పులియబెట్టకుండా పచ్చి గింజ అమ్మితే వ్యాపారి చెప్పిందే ధర. శ్రద్ధగా పులియబెట్టిన గింజకు చాక్లెట్ తయారీదారులు విడిగా ధర కడుతున్నారు. మా వైపు పెట్టెలు ఎలా చేయించామో, ఎంత అయిందో కావాలంటే అడగండి, రాస్తాను.